సెపియా టోనింగులో అమ్మమ్మ చీర మడతలు మాయమయ్యాయి: తప్పు బ్లీచ్‌దా, టోనర్‌దా?

బెజవాడ_బ్రోమైడ్ · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా అమ్మమ్మ ఫోటో ఒకటి ఉంది. అరుగు మీద కూర్చుని, తెల్ల నేత చీర కట్టుకుని, పక్కనుంచి సాయంత్రపు వెలుగు పడుతుంటే తీశాను. ఇల్‌ఫర్డ్ మల్టీగ్రేడ్ ఫైబర్ పేపర్ మీద 8×10 ప్రింట్లు ఆరు వేశాను. ఐదింటిని సెపియా చేశాను, అంటే బ్లీచ్‌లో నలుపు తీసి టోనర్‌లో గోధుమ రంగు తెప్పించాను. ఆరోది అలాగే ఉంచాను.

బ్లీచ్: పొటాషియం ఫెర్రిసయనైడ్ 50 గ్రాములు, పొటాషియం బ్రోమైడ్ 50 గ్రాములు, లీటరు నీళ్లు. వాడేటప్పుడు ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపాను. టోనర్: థయోయూరియా, కాస్టిక్ సోడా రెండూ పది శాతం ద్రావణాలు విడివిడిగా చేసి, చెరి సగం కలిపి పలచన చేశాను.

1, 2 ప్రింట్లలో చీర మడతలు బ్లీచ్‌లో పోయాయి, టోనర్‌లో వేశాక తిరిగి రాలేదు. భుజం దగ్గర ఉత్త కాగితం కనిపిస్తోంది. 4, 5 లలో మడతలు పోవడమే కాకుండా తెల్లగా ఉండాల్సిన అంచు కూడా పసుపు నీళ్లలో ముంచినట్టు అయింది. మూడోది మాత్రం నేను కోరుకున్నట్టే, పాత బెల్లం రంగులో, ప్రతి మడతతో వచ్చింది. ఐదింటికీ అదే బ్లీచ్, అదే టోనర్. మూడు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?

హైదరాబాద్_లైట్‌మీటర్ · శనివారం, రాత్రి 10:15

బ్లీచ్ ఎక్కువైందండీ. ఏప్రిల్‌లో బెజవాడ కుళాయి నీళ్లు 33, 34 డిగ్రీలు ఉంటాయి. పుస్తకాల్లో రాసిన నిమిషాలు 20 డిగ్రీలకి. మీ దగ్గర అరనిమిషంలో అయిపోతుంది. ఒకటికి ఇరవై వంతులు పలచన చేయండి, ట్రే కింద ఐస్ పెట్టండి.

పసుపు సంగతి నిష్పత్తిది. థయోయూరియా ఎక్కువైతే లేత పసుపు వైపు, కాస్టిక్ ఎక్కువైతే ముదురు గోధుమ వైపు పోతుంది. చెరి సగం అంటే మీ ఫోటోకి పసుపు ఎక్కువ. ఒకటికి నాలుగో ఐదో కాస్టిక్ వేసి చూడండి.

తెనాలి_పాతస్టూడియో · ఆదివారం, ఉదయం 6:05

తల్లీ, టోనర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నాలుగు మాటలు చెప్పు.

హైపో, అదే బొమ్మని నిలబెట్టే ఫిక్సర్ మందు, ఎంత కలిపావు, అందులో మొత్తం ఎన్ని ప్రింట్లు వేశావు? ఒక ట్రేనా, రెండు ట్రేలా? హైపో తర్వాత ఎంతసేపు కడిగావు, ఎలా కడిగావు? మూడో ప్రింటు మిగతావాటితో పాటే, అదే రోజు వేసిందా?

ఈ నాలుగో మాట బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు.

బెజవాడ_బ్రోమైడ్ · ఆదివారం, ఉదయం 8:30

బాబాయ్ గారూ, మీరు అడిగాకే ఆలోచించాను. మూడోది ఒక్కటే పోయిన వారం శుక్రవారం వేశాను. ఆ రాత్రి కరెంటు పోయి, మళ్లీ వచ్చేసరికి నిద్రపోయాను. ప్రింటు తెల్లారేదాకా పెద్ద టబ్బు నీళ్లలోనే ఉండిపోయింది. పొద్దున్నే ఒకసారి నీళ్లు మార్చి ఆరేశాను.

మిగతా ఐదూ ఆ మర్నాడు శనివారం వేశాను. హైపో లీటరుకి 250 గ్రాములు, ఒకటే ట్రే. అంతకుముందు వారం అదే హైపోలో పాతిక దాకా ప్రింట్లు వేసి ఉన్నాను. ఒక్కోదాన్ని ఐదు నిమిషాలు ఉంచాను. 4, 5, 6 చివర్లో వేసినవి, ట్రేలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తర్వాత బకెట్లో నాలుగుసార్లు నీళ్లు మార్చాను, మొత్తం ఇరవై నిమిషాలు.

తెనాలి_పాతస్టూడియో · ఆదివారం, ఉదయం 8:52

దొరికింది. నీ బ్లీచ్ మంచిదే, టోనర్ మంచిదే. కడగడం చాల్లేదు, చివరి ప్రింట్లకి హైపో చాల్లేదు. ఇవి రెండు వేరువేరు జబ్బులు, నువ్వు ఒకటే అనుకున్నావు.

పాతికేళ్లు స్టూడియోలో పనిచేశాను. మా గురువుగారు టోనింగుకని ప్రింటు ఇస్తే ముందు దాని అంచు నాలికకి తాకించి చూసేవారు. తియ్యగా తగిలితే కుళాయి కిందికి వెనక్కి పంపేవారు. హైపోకి ఒక చప్పని తీపి ఉంటుంది. ఆ పని నువ్వు చెయ్యకు, ఆ రోజుల్లో చేతిపని అలా ఉండేది. చెప్పేదేమిటంటే, ఆయన బ్లీచ్ సీసా మూత తీయడానికి ముందే పని సగం అయిపోయేది.

కెమిస్ట్రీ మాస్టారు చెప్తారు చూడు.

రసాయనం_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 1:20

చెప్తాను, ఇది నాకు ఇష్టమైన పాఠం.

ప్రింటులో నలుపంతా లోహపు వెండి. ఫెర్రిసయనైడ్ ఆ వెండిని ఆక్సీకరణం చేస్తుంది. పక్కనే బ్రోమైడ్ ఉంటే అది వెంటనే సిల్వర్ బ్రోమైడ్‌గా మారి జెలటిన్‌లోనే, ఉన్న చోటే ఉండిపోతుంది. కంటికి కనిపించకపోయినా బొమ్మ ఎక్కడికీ పోలేదు. తర్వాత థయోయూరియా, కాస్టిక్ కలిసి దాన్ని సిల్వర్ సల్ఫైడ్ చేస్తాయి. గోధుమ రంగు అదే.

ఇప్పుడు ఆ కాగితంలో హైపో మిగిలి ఉందనుకోండి. సిల్వర్ బ్రోమైడ్‌ని కరిగించడమే హైపో పని. ఫెర్రిసయనైడ్ ఒక చేత్తో వెండిని బ్రోమైడ్ చేస్తుంటే, హైపో రెండో చేత్తో దాన్ని కరిగించి నీళ్లలోకి లాగేస్తుంది. ఫెర్రిసయనైడ్, హైపో కలిపితే వచ్చేదే ఫార్మర్ రెడ్యూసర్. ఎర్నెస్ట్ హోవర్డ్ ఫార్మర్ 1883లో చెప్పిన సూత్రం. ప్రింటుని పలచన చేయడానికి కావాలని వాడే మందు అది. మీరు తెలియకుండానే కాగితం లోపల దాన్ని తయారుచేశారు. చీర మడతల్లాంటి లేత చోట్ల వెండి ఉన్నదే కొంచెం కాబట్టి ముందు అవే పోయాయి. ముఖం, జుట్టు, అరుగు నీడ నిలిచాయి.

మూడోది నిలబడటానికి కారణం రాత్రంతా నీళ్లలో ఉండటం. ఫైబర్ కాగితం హైపోని పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సి పేపర్ పీల్చుకోదు. అందుకే ఆర్‌సికి రెండు నిమిషాల కడుగు సరిపోతే ఫైబర్‌కి గంట కావాలి.

పసుపు సంగతి దీనికి తిరగబడ్డ కథ. అలసిపోయిన హైపోలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్న ప్రింట్లలో వెలుగు తగలని వెండి లవణం పూర్తిగా కరగలేదు. అది తెల్లగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. టోనర్‌కి బ్లీచ్ చేసిన వెండి ఏది, హైపో వదిలేసిన వెండి ఏది అన్న తేడా తెలియదు. రెండిటినీ సల్ఫైడ్ చేస్తుంది. అంచు పసుపెక్కడం అందుకే.

హైదరాబాద్_లైట్‌మీటర్ · ఆదివారం, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, కడుగు సంగతి ఒప్పుకుంటాను. కానీ వేడిని అలా తీసిపారేయలేం కదా? 34 డిగ్రీల్లో బ్లీచ్ ఎంత వేగంగా పోతుందో నేను కళ్లారా చూశాను. నా ప్రింట్లలోనూ వెలుగు భాగాలు ఇలాగే మాయమయ్యాయి.

రసాయనం_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 3:10

వేగం పెరుగుతుంది, నిజమే. మీరు చెప్పిన పలచన, ఐస్ రెండూ మంచి సలహాలే. వేసవిలో జెలటిన్ మెత్తబడి గోరు తగిలితే లేచిపోతుంది కూడా. కానీ బ్లీచ్ ఎంత వేగంగా, ఎంతసేపు జరిగినా బ్రోమైడ్ అయిన వెండి టోనర్‌లో తిరిగి రావాలి. రాలేదంటే అది కాగితంలో లేదన్నమాట. వేడికి వెండిని బయటికి తీసుకెళ్లే శక్తి లేదు, హైపోకి ఉంది.

దీన్ని ఇంట్లోనే తేల్చవచ్చు. ఆరో ప్రింటు ఎలాగూ ఉంది. చీర వచ్చేలా రెండు పట్టీలు కత్తిరించండి. ఒకదాన్ని గంటన్నర కడగండి, రెండోదాన్ని అలాగే ఉంచండి. రెండిటినీ కలిపి, అదే వేడి నీళ్లలో పూర్తిగా బ్లీచ్ చేసి, కడిగి, టోనర్‌కి బదులు మామూలు పేపర్ డెవలపర్‌లో (ప్రింటు వేసేటప్పుడు బొమ్మ తేల్చే మందు) గది వెలుతురులోనే వేయండి. బ్రోమైడ్ అయిన వెండి మళ్లీ నల్లగా వస్తుంది. కడిగిన పట్టీలో మడతలు వచ్చి, కడగనిదాంట్లో రాకపోతే ఇక వాదన అక్కర్లేదు.

ఇది ఇంకో విధంగానూ పనికొస్తుంది. శుభ్రంగా కడిగిన ప్రింటు బ్లీచ్‌లో అనుకున్నదానికన్నా ఎక్కువ పోయిందనుకోండి, కంగారు పడొద్దు. డెవలపర్‌లో వేసి వెనక్కి తెచ్చుకుని, కడిగి, మళ్లీ మొదలుపెట్టవచ్చు.

పసుపుకి కూడా పరీక్ష ఉంది. 2 గ్రాముల సోడియం సల్ఫైడ్ 125 మి.లీ. నీళ్లలో కలిపి, వాడేముందు ఒకటికి తొమ్మిది వంతులు పలచన చేసి, తెల్లటి అంచు మీద ఒక చుక్క వేయండి. రెండు మూడు నిమిషాల తర్వాత అద్దండి. లేత మీగడ రంగు దాటి పసుపో గోధుమో కనిపిస్తే హైపో సరిపోలేదు. కిటికీ తీసి చేయండి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ సీసా పేపర్ డబ్బాల దగ్గర పెట్టకండి, దాని వాయువుకి పేపర్ మసకబారుతుంది.

న్యూజెర్సీ_చీకటిగది · ఆదివారం, రాత్రి 8:45

బెజవాడ చెల్లీ, మీ పోస్టు చదివి మనసు కలుక్కుమంది. మా నానమ్మ ఫోటోతో నాకూ ఇదే జరిగింది. ఆ నెగెటివ్ కూడా ఇప్పుడు లేదు. మీ నెగెటివ్ ఉంది, అదే పెద్ద నిమ్మళం.

కడగడానికి ఒక సులువు చెప్తాను, నీళ్లు కూడా ఆదా అవుతాయి. ఐదు నిమిషాలు కడిగి, లీటరుకి 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు కదుపుతూ ఉంచి, మళ్లీ కడగండి. సల్ఫైట్ హైపోని కాగితపు పీచులోంచి త్వరగా వదిలిస్తుంది. అలాంటి వాష్ ఎయిడ్ తర్వాత చివరి కడుగు ఐదు నిమిషాలు చాలని ఇల్‌ఫర్డ్ వాళ్లు రాస్తారు. టోనింగుకి వెళ్లే ప్రింటుకైతే నేను అరగంట ఇస్తాను. సల్ఫైడ్‌తో పొరపాటు పడకండి. సల్ఫైట్ వేరు, సల్ఫైడ్ వేరు. ఒక్క అక్షరం తేడాతో గదంతా కంపు.

నా ఇష్టం ఒకటి చెప్పనా? నేను ముందు సెలీనియం టోనర్‌లో కొంచెం టోన్ చేసి, తర్వాత సెపియాకి వెళ్తాను. సెలీనియం ముందు నీడల్ని పట్టుకుంటుంది, అక్కడి నలుపు ఇంకా లోతు అవుతుంది. సెలీనియం పట్టిన వెండిని ఆ తర్వాత బ్లీచ్ అంత తేలిగ్గా కదపలేదు. కాబట్టి సెపియా వెలుగు భాగాల్లోనే చేరుతుంది. మీ అమ్మమ్మ చీర వెచ్చగా, వెనక గుమ్మం చీకటి చల్లగా ఉంటాయి. తిరగేసి, సెపియా కొంచెం చేశాక సెలీనియంలో వేస్తే నీడలు వంకాయ రంగు వైపు పోతాయి. ఫోమాటోన్ లాంటి వార్మ్ పేపర్ల (వెచ్చటి ఛాయ ఇచ్చేవి) మీద ఇది ఇంకా గాఢంగా వస్తుంది. రెండూ వేసి పక్కపక్కన పెట్టి చూడండి.

కరీంనగర్_కాంటాక్ట్‌ప్రింట్ · ఆదివారం, రాత్రి 9:30

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మా ఇంట్లో తాతల నాటి ఫోటోలన్నీ గోధుమ రంగులోనే ఉన్నాయి. లాలా దీన్ దయాళ్ తీసిన నిజాం కాలపు ఫోటోలూ అంతే. అంటే అప్పట్లో అందరూ సెపియా టోనింగ్ చేసేవారా?

రసాయనం_మాస్టారు · సోమవారం, ఉదయం 6:40

మంచి ప్రశ్న. ఆ గోధుమ రంగులు మూడు రకాలు.

దీన్ దయాళ్ కాలపువి చాలావరకు ఆల్బుమెన్ ప్రింట్లు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద నెగెటివ్ పెట్టి ఎండలోనే బొమ్మ తేల్చేవారు, డెవలపర్ ఉండదు. అలా వచ్చే వెండి రేణువు చాలా సన్నం, ఎరుపు కలిసిన గోధుమ రంగు దాని సహజ గుణం. దానికి బంగారు లవణంతో టోన్ చేసి ఊదా వైపు తిప్పేవారు. రంగుకీ, మన్నికకీ బంగారమే ఆధారం. అది సల్ఫైడ్ సెపియా కాదు. మన టోనింగ్ ఆ తర్వాతి డెవలపింగ్ పేపర్లది.

మూడో రకం బాధాకరం. మొదట నల్లగా ఉండి, హైపో సరిగ్గా కడగక ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, పలచబడినవి. మిగిలిన హైపో తనంతట తానే వెండిని సల్ఫైడ్ చేసుకుంటూ పోయింది, కానీ అడ్డదిడ్డంగా. మీ తాతగారి ఫోటోలో అంచులు బాగుండి ముఖం మాసిపోయి ఉంటే అది ఈ రకమే కావచ్చు. దాన్ని కదిలించకండి, ముందు స్కాన్ చేయించండి.

తెనాలి_పాతస్టూడియో · సోమవారం, ఉదయం 7:15

మాస్టారు మన్నిక మాట ఎత్తారు కాబట్టి ఒకటి. అప్పట్లో ఊటీ నుంచి వచ్చిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు పేపర్ మీద మేం వేసిన పెళ్లి ఫోటోలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో గోడల మీద ఉన్నాయి. టోన్ చెయ్యనివాటికి అంచుల్లో అద్దంలా వెండి మెరుపు తేలింది. సెపియా చేసినవి అలాగే ఉన్నాయి. వెండి సల్ఫైడ్ అయిపోయాక గాలి దాన్ని ఇంకేం చెయ్యగలదు? రంగు కోసం అడిగేవాళ్లు పదిమంది ఉంటే మన్నిక కోసం అడిగేవాడు ఒకడు ఉండేవాడు. నా దృష్టిలో ఆ ఒక్కడికే ఫోటో విలువ తెలుసు.

విశాఖ_సేఫ్‌లైట్ · సోమవారం, ఉదయం 10:50

ఇంత మంచి చర్చలో ఒక్క మాట ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నాను. దయచేసి చదవండి.

మనలో చాలామందికి డార్క్‌రూం అంటే బాత్రూమే. ఆ బాత్రూం నేలని వారానికోసారి యాసిడ్ పోసి కడగడం మన ఇళ్లలో అలవాటు. సల్ఫైడ్ మీద యాసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. ఎక్కువైతే ముక్కు దాని వాసన పట్టడం మానేస్తుంది, అదే అసలు ప్రమాదం. ఫెర్రిసయనైడ్ మామూలుగా అంత విషం కాదు గానీ, గాఢమైన యాసిడ్‌తో, వేడితో కలిస్తే సయనైడ్ వాయువు రావచ్చు. టోనింగ్ చేసిన రోజు ఆ గదిలో యాసిడ్ సీసా ఉండకూడదు. ఇంట్లోవాళ్లకీ, పనిచేసే అమ్మాయికీ చెప్పండి.

కాస్టిక్‌ని నీళ్లలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. కంట్లో పడితే చూపు పోతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. థయోయూరియా క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న పదార్థం, పొడి తూచేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. ఆ ట్రేలు, కొలపాత్రలు వంటింట్లోకి ఎప్పటికీ వెళ్లకూడదు.

కరీంనగర్_కాంటాక్ట్‌ప్రింట్ · సోమవారం, మధ్యాహ్నం 12:30

మాస్టారూ, కృతజ్ఞతలు. సాయంత్రం అన్నీ తీసి చూస్తాను. ఇంకో చిన్న సంగతి: నేను ఐరన్ బ్లూ టోనర్‌తో నీలం చేస్తే కడుగుతుంటేనే రంగు పోతోంది. మాది బోరు నీళ్లు.

న్యూజెర్సీ_చీకటిగది · సోమవారం, రాత్రి 7:20

బోరు నీళ్లే కారణం. ఆ నీలం ప్రష్యన్ బ్లూ, క్షారం తగిలితే కరిగిపోతుంది. చివరి కడుగు నీళ్లలో లీటరుకి కొన్ని చుక్కల వెనిగర్ వేయండి, తెలుపు తేలగానే ఆపేయండి.

బెజవాడ_బ్రోమైడ్ · బుధవారం, రాత్రి 10:10

పరీక్షలు చేశాను.

చుక్క పరీక్షకి ఆరో ప్రింటు అంచు మీద టీ మరకలా గోధుమ వలయం వచ్చింది. మూడోది టోన్ అయిపోయింది కాబట్టి, అదే శుక్రవారం కొత్తగా కలిపిన హైపోలో వేసిన టెస్ట్ స్ట్రిప్ మీద వేశాను. ఏమీ రాలేదు. ఆ రోజు కొంచెం విడిగా కొత్త హైపో కలిపానన్నది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

పట్టీల పరీక్ష అంతకన్నా స్పష్టం. కడగని పట్టీ బ్లీచ్‌లో పడిన నిమిషంలోపే చీర పోయింది, డెవలపర్‌లో ముఖమే వచ్చింది. గంటన్నర కడిగింది పూర్తిగా తెల్లబడ్డాక డెవలపర్‌లో మడతలన్నిటితో తిరిగి వచ్చింది. నీళ్లు రెండిటికీ 33 డిగ్రీలే.

కొత్త ప్రింట్లు మూడు వేశాను. రెండు ట్రేల్లో కొత్త హైపో, ఒక్కోసారి ఒక్క ప్రింటే. తర్వాత సల్ఫైట్, ఆపైన నలభై నిమిషాల కడుగు. లైట్‌మీటర్ గారు చెప్పినట్టు బ్లీచ్‌ని ఒకటికి ఇరవై చేశాను, అందువల్ల ఎక్కడ ఆపాలో చూసుకునే తీరిక దొరికింది. కాస్టిక్ కూడా మూడింతలు వేశాను. బ్లీచ్ తర్వాత కాగితంలో పసుపు ఛాయ పూర్తిగా పోయేదాకా కడిగి అప్పుడే టోనర్‌లో వేశాను. భుజం మీద కుట్టు కూడా కనిపిస్తోంది.

ఇంకొకటి మిగిలింది. అమ్మమ్మ కళ్లు కొంచెం చీకట్లో ఉన్నాయి. ఎన్‌లార్జర్ కింద డాడ్జింగ్ చేస్తే, అంటే ప్రింటు వేసేటప్పుడు కళ్ల మీద పడే వెలుగుకి కాసేపు అడ్డుపెడితే, చుట్టూ ముఖం కూడా తెల్లబడుతోంది. ఏమైనా చేయొచ్చా?

తెనాలి_పాతస్టూడియో · గురువారం, ఉదయం 5:50

చేయొచ్చు తల్లీ. ఇప్పటిదాకా నిన్ను ఏడిపించిన మందుతోనే చెయ్యాలి. అమెరికా ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ లాంటి పెద్దాయన తన ప్రింట్లలో కళ్లని ఫెర్రిసయనైడ్‌తో తేల్చేవాడు.

టోన్ చేయని ప్రింటు తీసుకో, సెపియా అయినదాని మీద బ్లీచ్ పనిచెయ్యదు. అరగంట నానబెట్టి గాజు పలక మీద పరిచి, పైనీళ్లు పూర్తిగా అద్దేయి. ఫెర్రిసయనైడ్ పలచటి నిమ్మకాయ నీళ్ల రంగులో ఉండాలి, టీ రంగు వచ్చిందంటే నీకు ఎక్కువ. సున్నా నంబరు బ్రష్షు తీసుకో. దానికి లోహపు పట్టీ ఉంటే నెయిల్ పాలిష్ పూయి, ఇనుము తగిలితే నీలం మరక పడుతుంది. బ్రష్షుని ముంచి, గుడ్డ మీద తుడిచి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు కంటి తెల్లగుడ్డు మీద ఒక్కసారి తాకించు. పది లెక్కపెట్టు. తడి దూదితో తుడిచి హైపోలో ముంచు. హైపోలోకి వెళ్లాక ఇంకాస్త తేలుతుంది, అందుకని నీకు చాలనిపించే దానికి ముందే ఆపాలి. చాలకపోతే కడిగి మళ్లీ చెయ్యి. మూడు నాలుగు సార్లకి వస్తుంది.

నల్లగుడ్డు జోలికి వెళ్లకు. తెల్లగుడ్డులో కూడా కాంతి పడేవైపే, రెండు కళ్లలో ఒకే పక్కన. మొత్తం తెల్లగా చేస్తే బొమ్మ కళ్లు అవుతాయి, మనిషి కళ్లు కావు.

తర్వాత మళ్లీ హైపో, సల్ఫైట్, గంట కడుగు. అప్పుడే సెపియా.

బెజవాడ_బ్రోమైడ్ · ఆదివారం, రాత్రి 9:05

మొదటిది పాడైంది, ఎడమ కంటి కింద తెల్లచుక్క పడింది. రెండోది వచ్చింది బాబాయ్ గారూ. ఐదుసార్లు తాకించాను, ఆరోసారి చెయ్యి ఆపుకున్నాను.

మధ్యాహ్నం అమ్మమ్మకి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు చూసింది. కళ్ల గురించి ఏమీ అనలేదు. చీర మీద వేలు పెట్టి, "ఇది మంగళగిరిది, మీ తాతయ్య తెచ్చింది" అంది.

స్కాన్ రేపు పెడతాను. ప్రింటు ఇంకా ఆరుతోంది.